ఊరి మంచినీటి గొట్టాల నుంచి కరెంటు: గోదావరి డెల్టాలో ఎక్కడ, ఎంత, ఎలా

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో సుమారు ఒక మీటరు వ్యాసం ఉన్న మంచినీటి గొట్టంలో నీటి తోపుకు తిరిగే నాలుగు చక్రాలు, అంటే టర్బైన్లు, అమర్చి, 2015లో 200 కిలోవాట్ల సామర్థ్యంతో విద్యుత్తు తీయడం మొదలుపెట్టారు. ఆ సంగతి చదివినవారికి మన పట్టణాల్లోనూ అదే పని చేయవచ్చు కదా అనిపించడం సహజం. చేయవచ్చు, కానీ అదే పద్ధతిలో చేయలేము. పోర్ట్‌లాండ్‌కు నీరు బుల్ రన్ కొండ ప్రాంతం నుంచి తనంతట తానే దిగి వస్తుంది. ఆ దిగుడులో మిగిలిపోయే ఒత్తిడినే అక్కడివారు కరెంటుగా మార్చుకుంటున్నారు. భీమవరానికో అమలాపురానికో నీరు అలా రాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువలోకి దిగిన నీరు దాదాపు చదునైన నేల మీద నెమ్మదిగా సాగి, ఊరి మంచినీటి చెరువులో నిలిచి, ఫిల్టర్ బెడ్లు దాటి, సంపులో చేరి, అక్కడి నుంచి మోటారు బలంతో ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కుతుంది. అంటే మన కుళాయిలో ఉన్న ఒత్తిడి కొండ ఇచ్చినది కాదు, కరెంటు బిల్లు కట్టి మనం కొనుక్కున్నది.

కాబట్టి డెల్టాలో ఈ పనికి పూనుకునేవారు మొదట ఒక నియమం పెట్టుకోవాలి. ఊరికి అవసరమైన ఒత్తిడిని ముట్టుకోకూడదు. ఎలాగూ వృథాగా పోతున్న ఒత్తిడి ఎక్కడైనా ఉంటే దానిని మాత్రమే పట్టుకోవాలి. ఈ నియమాన్ని పక్కన పెట్టి గొట్టంలో టర్బైన్ పెడితే, ఒక చేత్తో మోటారుకు కరెంటు పోసి, రెండో చేత్తో అందులో సగం కూడా వెనక్కి రాబట్టుకోలేని పరిస్థితి వస్తుంది.

లెక్క

సెకనుకు ఒక లీటరు నీరు ఒక మీటరు ఎత్తు నుంచి దిగితే 9.81 వాట్ల శక్తి విడుదలవుతుంది. ప్రవాహాన్ని సెకనుకు లీటర్లలో, ఎత్తును మీటర్లలో తీసుకుని, రెండింటినీ గుణించి, మళ్ళీ 9.81తో గుణిస్తే ఆ చోట ఉన్న మొత్తం శక్తి వాట్లలో వస్తుంది. అందులో యంత్రం నిజంగా రాబట్టగలిగేది ఒక వంతు మాత్రమే: వేలెడు గొట్టాల్లో పెట్టే చిన్న టర్బైన్లకు 30 శాతం వస్తే సంతోషించాలి, కొన్ని కిలోవాట్ల యంత్రాన్ని జాగ్రత్తగా ఎంచుకుంటే 60 శాతం దాకా ఆశించవచ్చు. ఒత్తిడిని ఎత్తుగా మార్చుకోవడం కూడా తేలికే. ప్లంబర్లు ఒక కేజీ ప్రెషర్ అని చెప్పేది 10 మీటర్ల నీటి ఎత్తుకు సమానం.

ఈ లెక్కను మొదట ఇంటికి వర్తింపజేద్దాం, ఎందుకంటే ఎక్కువమంది ఆలోచన అక్కడే మొదలవుతుంది. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ మీది ట్యాంకు నుంచి నేల అంతస్తు కుళాయికి 15 మీటర్ల దిగుడు ఉందనుకోండి. నలుగురున్న కుటుంబం మనిషికి 135 లీటర్ల చొప్పున రోజుకు 540 లీటర్లు వాడితే, ఆ నీటిలో ఉన్న మొత్తం శక్తి సుమారు 22 వాట్ అవర్లు. చిన్న టర్బైన్ అందులో మూడో వంతు ఇస్తే దాదాపు 7 వాట్ అవర్లు మిగులుతాయి. దానితో ఒక సెల్‌ఫోను సగం కూడా ఛార్జ్ కాదు. కరెంటు కోసమే కుళాయి తిప్పి వదిలేద్దామనుకుంటే అది మరీ అన్యాయం. ఒక యూనిట్ కరెంటు కోసం 15 మీటర్ల ఎత్తు నుంచి, 40 శాతం సామర్థ్యం వచ్చిందనుకున్నా, 61,000 లీటర్ల నీరు దిగాలి. ఆ నీటిని మళ్ళీ పైకి ఎక్కించడానికి మోటారు నాలుగు యూనిట్లకు పైగా తీసుకుంటుంది. అందువల్ల ఇంటి గొట్టంలో టర్బైన్ పెట్టుకోవడాన్ని పిల్లలకు సూత్రం చూపించే ప్రయోగంగా తప్ప నేను సిఫారసు చేయను. పురపాలక సంఘం గొట్టానికి నేరుగా కలిపి ఉన్న ఇంటి కనెక్షన్‌లో అయితే ఆ ప్రయోగం కూడా వద్దు.

వృథా అవుతున్న ఒత్తిడి ఎక్కడ ఉంటుంది

చదును నేలలో కూడా అలాంటి చోట్లు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఊళ్ళోకి వెళ్ళే గొట్టం మీద ఉన్న స్లూయిస్ వాల్వు, అంటే చక్రం తిప్పి నీటిని తగ్గించే, ఆపే వాల్వు. ట్యాంకుకు దగ్గరగా ఉన్న వీధుల్లో ఒత్తిడి ఎక్కువగా, శివారు వీధుల్లో తక్కువగా ఉంటుంది కనుక, దగ్గరి వార్డుల గొట్టం వాల్వును టర్న్‌కాక్ (వాల్వులు తిప్పి నీరు వదిలే ఉద్యోగి) సగమో ముప్పాతికో మూసి ఉంచి, ఆ విధంగా మిగిలిన నీటిని శివారుకు తోలుతాడు. ఇది ఆయన అనుభవంతో చేసే న్యాయమైన పంపకం. కానీ మూసిన వాల్వు దగ్గర ఒత్తిడి చప్పుడుగానూ సుడులుగానూ కరిగిపోతుంది. ఆ వాల్వు చేస్తున్న అడ్డు పనినే టర్బైన్ చేత చేయిస్తే, వాల్వు తర్వాతి వీధులకు వెళ్ళే ఒత్తిడి ఏమీ మారదు. చప్పుడుగా పోయేది కరెంటుగా వస్తుంది. టర్బైన్ వాల్వుకు బదులుగా పనిచేయాలి తప్ప వాల్వుకు తోడుగా కాదన్న ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగిలిన పథకమంతా దాని చుట్టూ అల్లుకోవచ్చు.

రెండో చోటు ట్యాంకు లోపలే ఉంది. చాలా ట్యాంకుల్లో నీటిని పైకి తెచ్చే గొట్టం ట్యాంకు నిండు మట్టానికి పైన వంగి, అక్కడి నుంచి నీటిని కిందికి పోస్తుంది. ట్యాంకు సగమే నిండి ఉన్నప్పుడు నీరు రెండు మీటర్ల ఎత్తు నుంచి ఊరికే పడుతుంది. ఆ రెండు మీటర్లు మోటారు ఎక్కించినవే. ఇక్కడ టర్బైన్ పెట్టవచ్చు కదా అనిపిస్తుంది. పెట్టకండి. నీటిని వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వు బిగించి, గొట్టం చివరను ట్యాంకు అడుగుకు మారిస్తే మోటారు అంత ఎత్తు ఎక్కించనక్కర్లేదు. రోజుకు 13.5 లక్షల లీటర్లు ఎక్కే ట్యాంకులో సగటున రెండు మీటర్లు తగ్గితే, 60 శాతం సామర్థ్యం ఉన్న పంపుసెట్టుకు రోజుకు సుమారు 12 యూనిట్లు ఆదా అవుతాయి. కింద చెప్పబోయే టర్బైన్ రోజుకు ఇచ్చేది అంతకన్నా తక్కువ. ఖర్చు పెట్టే ముందు ఈ మార్పు సాధ్యమేమో ఇంజినీరును అడగడం మీ మొదటి పని కావాలి. అడుగు నుంచి నింపినప్పుడు పై పొర నీరు కదలకుండా నిలిచిపోకుండా చూడమని కూడా చెప్పాలి.

డెల్టాలో నీటి కరెంటు పుష్కలంగా దొరికే చోటు కాలువ డ్రాపులేనని, అంటే కాలువ నీరు ఒక్కసారిగా కిందికి దిగే చోట్లేనని, ఇక్కడ చెప్పకపోతే పాఠకుడికి అన్యాయం చేసినట్లవుతుంది. నిడదవోలు ప్రాంతంలోని చెట్టిపేట మినీ హైడల్ (చిన్న జలవిద్యుత్) కేంద్రం 1 మెగావాటు సామర్థ్యంతో కాలువ దిగుడు మీదనే కట్టినది. అక్కడ నీరు తనంతట తానే దిగుతుంది కనుక మోటారు లెక్క లేదు. కానీ అది ఊరి గొట్టాల పరిధిలోకి రాదు కనుక ఆ సంగతి ఇక్కడితో ఆపుతున్నాను.

కొలతలు

కొలవకుండా యంత్రం కొనవద్దు. ప్రవాహాన్ని కొలవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు, ట్యాంకే కొలపాత్ర. నీరు వదిలిన పది నిమిషాల తర్వాత, ఊళ్ళో గొట్టాలు నిండి ప్రవాహం కుదురుకున్నాక, ట్యాంకులోకి వచ్చే నీటిని కాసేపు ఆపించి, నీటి మట్టం ఎంతసేపట్లో ఎంత దిగిందో చూడాలి. 12 మీటర్ల లోపలి వ్యాసం ఉన్న గుండ్రటి ట్యాంకు వైశాల్యం 113 చదరపు మీటర్లు. 15 నిమిషాల్లో మట్టం ఒక మీటరు దిగితే 1,13,000 లీటర్లు బయటికి వెళ్ళినట్లు, అంటే సెకనుకు 125 లీటర్లు. ఆ ట్యాంకు నుంచి రెండు మూడు గొట్టాలు విడిపోతుంటే, మిగతావాటిని మూయించి ఒక్కొక్క గొట్టానికి విడిగా చూడాలి. ఇలా మూసినప్పుడు తెరిచి ఉన్న గొట్టంలో ప్రవాహం మామూలు కన్నా కొంచెం ఎక్కువ కనిపిస్తుంది కనుక, వచ్చిన అంకె నుంచి కొంత తగ్గించుకోవడం మంచిది.

ఒత్తిడిని కొలవడానికి, ఎప్పుడూ మూసి ఉంచే ఆ వాల్వుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి ప్రెషర్ గేజీలు బిగించాలి. రెండింటి మధ్య తేడాయే మీకు దక్కే ఎత్తు. ముందు గేజీ 1.6 కేజీలు, తర్వాతి గేజీ 1.2 కేజీలు చూపిస్తే 4 మీటర్లు ఉన్నట్లు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, అడుగంటినప్పుడు, ఉదయం అందరూ పట్టుకునే వేళ, కాస్త పలచబడిన తర్వాత అంకెలు వేరువేరుగా ఉంటాయి కనుక, ఒక్క పూట చూసి తేల్చకూడదు. కాలువలు పారే రోజుల్లోనూ, వేసవిలో కాలువలు కట్టేసి చెరువు నీటిని పొదుపుగా వదిలే రోజుల్లోనూ విడివిడిగా కొలవాలి. వేసవిలో నీరు వదిలే సమయం తగ్గుతుంది. ఒక్కోసారి రోజు విడిచి రోజు వదులుతారు. ఏడాది పొడవునా దొరకని ప్రవాహాన్ని నమ్ముకుని పెద్ద యంత్రం పెడితే అది ఎప్పుడూ సగం బలంతోనే తిరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన కొలత శివారు వీధిలో, చిట్టచివరి కుళాయి దగ్గర తీసుకోవాలి. ఒకే అంతస్తు ఇళ్ళున్న ప్రాంతంలో కనీసం 7 మీటర్లు, రెండంతస్తులైతే 12 మీటర్ల ఒత్తిడి ఉండాలని 1999 నాటి కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా ప్రమాణాలు చెప్పాయి. చివరి కుళాయిలో 0.7 కేజీ కూడా లేకపోతే ఆ గొట్టం మీద మిగులు ఒత్తిడి ఉన్నట్లు కాదు, పంపకం కుదరనట్లు. అప్పుడు టర్బైన్ ఆలోచన మాని, లీకులు, ఇరుకు గొట్టాలు, ఇళ్ళవాళ్ళు గొట్టానికి నేరుగా బిగించిన మోటార్లు సరిచేయించాలి.

ఒక ట్యాంకు నీరిచ్చే జోనులో పదివేలమంది ఉన్నారని, మనిషికి 135 లీటర్ల చొప్పున 13.5 లక్షల లీటర్లను ఉదయం గంటన్నర, సాయంత్రం గంటన్నర వదులుతున్నారని అనుకుంటే, సెకనుకు సరిగ్గా 125 లీటర్లు అవుతుంది. దానికి 4 మీటర్ల మిగులు ఎత్తు కలిస్తే మొత్తం శక్తి 4.9 కిలోవాట్లు; 60 శాతం రాబట్టితే దాదాపు 3 కిలోవాట్లు; మూడు గంటలకు దాదాపు 9 యూనిట్లు. ఏడాది పొడవునా ఆగకుండా నడిస్తే సుమారు 3,200 యూనిట్లు. మన ప్రాంతంలో ఒక కిలోవాటు సోలార్ పలక రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది కనుక, ఇదే కరెంటు రెండు కిలోవాట్లకు కొంచెం పైబడిన సోలార్ పలకలతో కూడా వస్తుంది. ఫిల్టర్ హౌసు డాబా ఖాళీగా ఉంటే సోలారే చవక అని నిస్సంకోచంగా చెప్పాలి. పలక పెట్టడానికి చోటు లేనప్పుడు, వాల్వు ఎలాగూ మార్చవలసి వచ్చినప్పుడు, రాత్రో తెల్లవారుజామునో నీరు వదిలే ఊళ్ళలో టర్బైన్‌కు విలువ పెరుగుతుంది.

మొదట చేయదగిన చిన్న పథకం

నా అభిప్రాయంలో డెల్టా పట్టణాలకు, పెద్ద పంచాయతీలకు బాగా నప్పేది 3 కిలోవాట్ల యంత్రం కన్నా 6 వాట్ల యంత్రం. కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. అది నిజంగా ఉందో లేదో, ఒత్తిడి ఎంత ఉందో, నీరు ఏ వేళకు వచ్చి ఏ వేళకు ఆగిందో ఊళ్ళో మూసి ఉంచే వాల్వుల దగ్గర యంత్రమే కొలిచి పంపిస్తే, నీటి వల్ల వచ్చే జబ్బులను ముందే పసిగట్టవచ్చు. అలాంటి చోట్ల కరెంటు మీటరు పెట్టించడం కష్టం, చెట్ల నీడలో సోలార్ పలక సరిగా పనిచేయదు, పలకలు దొంగతనానికి గురవుతాయి. గొట్టంలోని నీరు మాత్రం అక్కడే ఉంటుంది.

దీనికి కావలసిన ఏర్పాటు ఇది. మూసి ఉంచే వాల్వును అలాగే ఉంచి, దానికి ముందు నుంచి తర్వాతికి 25 మిల్లీమీటర్ల పక్క గొట్టం వేయాలి. ఆ గొట్టంలో మొదట ఒక బాల్ వాల్వు, దాని తర్వాత కడగడానికి వీలైన జల్లెడ, తర్వాత 12 వోల్టుల చిన్న టర్బైన్, చివర మరో బాల్ వాల్వు రావాలి. సెకనుకు అర లీటరు నీరు 4 మీటర్ల తేడాతో పారితే మొత్తం 20 వాట్లు, 30 శాతం రాబట్టితే 6 వాట్లు, మూడు గంటలకు 18 వాట్ అవర్లు. ఒత్తిడిని కొలిచి పావుగంటకోసారి అంకెలు పంపే ప్రెషర్ లాగరుకు ఇది చాలు. క్లోరిన్ కొలిచే పరికరాన్ని నీరు పారే వేళల్లో మాత్రమే నడిచేలా కట్టుకోవాలి. 12 వోల్టుల, 7 యాంపియర్ అవర్ల బ్యాటరీలో 84 వాట్ అవర్లు పడతాయి కనుక, నీరు రాని రోజులు రెండు మూడు గడిచినా పరికరం ఆగదు. టర్బైన్‌కు, బ్యాటరీకి మధ్య ఛార్జింగును అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ తప్పనిసరిగా ఉండాలి, బ్యాటరీ నిండాక మిగిలే కరెంటును వేడిగా మార్చే ఒక రెసిస్టరులోకి మళ్ళించాలి. కరెంటు వాడకమనే భారం ఒక్కసారిగా తొలగిపోతే టర్బైన్ అతివేగంగా తిరిగి బేరింగులు పాడవుతాయి.

టర్బైన్ కొనేటప్పుడు తాగునీటికి వాడదగిన పదార్థంతో చేసినదేనని తయారీదారు రాతపూర్వకంగా ఇవ్వాలి. చవకగా దొరికే ప్లాస్టిక్ టర్బైన్లలో చాలావాటికి అలాంటి ధ్రువపత్రం ఉండదు, అవి మంచినీటి గొట్టానికి పనికిరావు.

కిలోవాట్ల స్థాయి యంత్రం

కొలతలు అనుకూలంగా వచ్చి పెద్ద పథకానికే వెళ్ళదలిస్తే, ప్రత్యేక టర్బైన్ కన్నా తిరగేసి వాడే సెంట్రిఫ్యూగల్ పంపు చవక, మరమ్మతు కూడా స్థానిక వర్క్‌షాపుల్లోనే అవుతుంది. పంపును నీరు పోసే వైపు నుంచి తోస్తే అది వెనక్కి తిరిగి, మోటారు జనరేటరుగా మారుతుంది. అయితే అదే వేగంతో తిరగడానికి దానికి పంపుగా రాసి ఉన్న దానికన్నా ఎక్కువ నీరు, ఎక్కువ ఎత్తు కావాలి. 70 శాతం సామర్థ్యం ఉన్న పంపుకు స్థూలంగా ప్రవాహం 1.33 రెట్లు, ఎత్తు 1.53 రెట్లు అవసరమవుతాయి. అంటే సెకనుకు 125 లీటర్లు, 4 మీటర్ల చోటుకు, రేటింగులో సెకనుకు 94 లీటర్లు, 2.6 మీటర్లు ఉన్న పంపు వెతకాలి. ఇది తక్కువ ఎత్తుకు ఎక్కువ నీరు తోడే రకం. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్న మన ప్రాంతంలో ఇలాంటి పంపులు, వాటిని విప్పి బిగించగల మెకానిక్కులు దొరకడం కష్టం కాదు. ఆ రకం పంపులకు పై అంకెలు ఆరంభ అంచనాలే కనుక, గొట్టంలో బిగించే ముందు బయట పరీక్షించి చూడాలి. పాత పంపు, అది చెరువు నీరు తోడినదైతే, మంచినీటికి వాడనే కూడదు.

దీనిని వీధిలోని వాల్వు గుంతలో కాకుండా, ఓవర్‌హెడ్ ట్యాంకు కిందనే, నేలకు పైన, సిమెంటు దిమ్మె మీద బిగించాలి. డెల్టాలో భూగర్భ జలమట్టం పైనే ఉంటుంది, వానాకాలంలో నల్లమట్టి నేలలోని గుంతలు మురికినీటితో నిండి ఉంటాయి. నీరు వదలడం ఆపిన తర్వాత గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గిపోవచ్చు. ఆ సమయంలో మునిగి ఉన్న యంత్రం షాఫ్టు (తిరిగే ఇరుసు) చుట్టూ ఉండే సీలు గుండా గుంతలోని మురికి గొట్టంలోకి పీల్చుకుపోయే ప్రమాదం ఉంది. ఈ ఒక్క కారణం చాలు, గుంతలో టర్బైన్ పెట్టమని ఎవరు చెప్పినా ఒప్పుకోకపోవడానికి. సముద్రతీరానికి దగ్గరగా ఉన్న మొగల్తూరు, సఖినేటిపల్లి వైపు ఊళ్ళలో ఉప్పు గాలి ఇనుమును త్వరగా తినేస్తుంది కనుక, బోల్టులు, షాఫ్టు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాలి. ప్యానెల్ బోర్డును వరద మట్టానికి పైన, మూతబడే పెట్టెలో ఉంచాలి.

యంత్రానికి సమాంతరంగా పూర్తి వ్యాసంతో ఒక బైపాస్ గొట్టం ఉండి తీరాలి. యంత్రం ఆగినా, కరెంటు పోయినా, ఏ మరమ్మతు వచ్చినా ఊరికి నీరు ఒక్క నిమిషం ఆలస్యం కాకూడదు. రోజుకు రెండుసార్లు వదిలి ఆపే సరఫరాలో మొదటి నిమిషాల్లో గొట్టంలోకి గాలి, ఒండ్రు కలిసి వస్తాయి. గాలి ముద్దలు టర్బైన్ రెక్కలను కొడతాయి. అందువల్ల నీరు వదిలేటప్పుడు బైపాస్ గుండానే వదిలి, పది పదిహేను నిమిషాల తర్వాత ప్రవాహం కుదుటపడ్డాక నెమ్మదిగా యంత్రం వైపు మళ్ళించాలి. యంత్రానికి ముందు గొట్టం ఎత్తుగా ఉన్న చోట గాలిని బయటికి వదిలే ఎయిర్ వాల్వు పెట్టాలి. భారం తెగిపోయినప్పుడు వాల్వును టక్కున మూస్తే నీటి దెబ్బకు పాత సిమెంటు గొట్టాలు పగులుతాయి కనుక, యంత్రపు వాల్వు నెమ్మదిగా మూసుకునేలా, అదే సమయంలో బైపాస్ తెరుచుకునేలా అమర్చాలి.

కరెంటు వైపు రెండు దారులు ఉన్నాయి. గ్రిడ్‌కు కలపదలిస్తే విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ అనుమతి, విద్యుత్ తనిఖీ అధికారుల ఆమోదం కావాలి. పంపులకు మామూలుగా ఉండే ఇండక్షన్ మోటారు జనరేటరుగా తిరిగేటప్పుడు కావలసిన అయస్కాంత శక్తిని గ్రిడ్ నుంచే తీసుకుంటుంది. గ్రిడ్ పోయిన క్షణంలో యంత్రం తనంతట తాను విడిపోయే రక్షణ లేకపోతే, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. గ్రిడ్‌తో సంబంధం లేకుండా నడపాలంటే మోటారుకు కెపాసిటర్లు కలపాలి, వాడకం తగ్గినప్పుడు మిగులును తినే హీటరు లాంటి భారం పెట్టాలి. రోజుకు తొమ్మిది యూనిట్లే కనుక, వాటిని వాటర్ వర్క్స్ లోపలే, సరఫరా జరిగే వేళలో నడిచే క్లోరిన్ డోసింగ్ పంపుకు, దీపాలకు వాడుకోవడం తేలిక మార్గం.

బిగించిన తర్వాత ఆ గొట్టం ముక్కను క్లోరిన్ కలిపిన నీటితో నింపి 24 గంటలు ఉంచి, పూర్తిగా వదిలి కడిగి, నీటిని ప్రయోగశాలలో సూక్ష్మజీవుల పరీక్షకు పంపాలి. ఫలితం బాగుందని వచ్చేవరకు ఆ నీటిని ఊళ్ళోకి వదలకూడదు. బేరింగులకు ఆహార పదార్థాల యంత్రాల్లో వాడే గ్రీజు మాత్రమే పెట్టాలి.

నడిపేటప్పుడు

యంత్రాన్ని టర్న్‌కాక్ చేతికి అప్పగించే ముందు ఆయనను కూర్చోబెట్టి అన్నీ వివరించాలి. ఏ వీధికి ఎప్పుడు నీరు చాలడం లేదో ఆయనకు తెలిసినంతగా ఏ గేజీకీ తెలియదు. గోదావరికి వరద వచ్చి నీరు ఎర్రబడిన రోజుల్లో జల్లెడను రోజూ కడగాలి. వేసవిలో కాలువలు కట్టేసిన రోజు నుంచి మళ్ళీ వదిలేవరకు యంత్రాన్ని ఆపి, బేరింగులు, సీలు విప్పి చూసుకోవడానికి ఆ కాలాన్ని వాడుకోవాలి. కాలువలకు నీరు వచ్చాక మొదటి వారం మళ్ళీ మొత్తం కొలతలు తీయాలి. శివారు చివరి కుళాయి దగ్గర ఒక గేజీ శాశ్వతంగా ఉంచి, నీరు వదిలిన ప్రతి పూటా ఆ అంకెను పుస్తకంలో రాయించాలి, అది 0.7 కేజీ కన్నా దిగిన పూట, కరెంటు ఎంత వస్తున్నా సరే, యంత్రాన్ని మూసి బైపాస్ తెరవాలి.